జానెడు సందు

మే నెల సగానికి వచ్చేసరికి మా యార్డులో తెల్లపొగ లేస్తుంది. పడవ ఇంజన్‌ను కొన్ని నెలలపాటు నిద్రపుచ్చాలంటే, అది తిరుగుతుండగానే లోపలికి నూనె కొట్టాలి. కాలిన నూనె, తడిసిన ఉప్పు, వేడెక్కిన రబ్బరు కలిసిన ఆ వాసన మాస్కు పెట్టుకున్నా ఆగదు. మిగతావాళ్ళు దగ్గుకుంటూ దూరం జరుగుతారు. నేనొక అడుగు ముందుకు వేస్తాను. ఆ పొగ వెనకాల, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఖాజా భాయ్ కసురుతున్నట్టే ఉంటుంది: "ఇంక జర కొట్టురా పిసినారోడా! నీ అయ్య నూనెనా?"

చలిదేశాల్లో పడవలను చలికాలానికి దాస్తారట. ఖతార్‌లో లెక్క తిరగబడి ఉంటుంది. ఇక్కడ చలికాలమే సముద్రం మీద తిరిగే కాలం. ఎండలు ముదిరాయంటే పడవలు నీళ్ళలోంచి లేచి యార్డుకు చేరతాయి, మళ్ళీ అక్టోబరుకు గాని కదలవు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ, "దుబాయ్‌ల పడవలకు ఎండకాలం చుట్టీ ఇస్తరా? మరి నీకెందుకియ్యరు కొడుకా?" అంది. ఖతార్ వేరు, దుబాయ్ వేరు అని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

ఏడో తరగతిలో బడికీ నాకూ రాజీ కుదిరింది. అది నన్ను పిలవదు, నేను దాని వైపు పోను. ఆ తర్వాత ఊళ్ళో వడ్ల కల్లాల్లో హమాలీ పని, ఆపైన ఇక్కడ బిల్డింగ్ సైట్లలో ఇనుప చువ్వలు కట్టే పని చేశాను. ముప్పై దాటాక కంపెనీ మారి ఈ పడవల యార్డుకు వచ్చాను. ఇక్కడి పెద్ద మెకానిక్కే ఖాజా భాయ్. మెట్‌పల్లి మనిషి. నమాజు ఉర్దూలోనా అరబ్బీలోనా అని అడిగితే నవ్వేవాడు గాని, తిట్టడం మాత్రం అచ్చ తెలుగులోనే. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది, మిగతా సగం ఏదో ఇంజన్ ఫ్యాన్‌బెల్టు తీసుకుందని చెప్పేవాడు. మొదటిరోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమొస్తది నీకు?" అన్నాడు.

"మాట్లాడుడొస్తది భాయ్."

"అది ఇంజన్‌కు గూడ వస్తది. నువ్వు నోరు మూస్కోని దాని మాట ఇను."

ఆయన నేర్పిన పని చెప్పడానికి తేలిక. పడవను గట్టుకు లాగి ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. ఇంజన్ నీళ్ళు పీల్చే చోట రెండు రబ్బరు కప్పులు తగిలించి, పైపుతో మంచినీళ్ళు ఎక్కిస్తూ నడిపించాలి. నూనె కొట్టాలి, బ్యాటరీ వైర్లు విప్పాలి, చివరికి గుడ్డ కప్పాలి. ఈ పనికి ఒక దుర్మార్గపు గుణం ఉంది. బాగా చేశావో లేదో ఆ రోజు తెలియదు. అయిదు నెలలు ఆగాలి. పరీక్ష రాసి అయిదు నెలలు ఫలితం కోసం కూర్చోవడం నా వంటి బడిదొంగకు దేవుడు వేసిన శిక్ష అనుకునేవాణ్ణి.

మొదటి ఏడు అర్బాబ్ పడవకు గుడ్డ కప్పే పని నా చేతికి వచ్చింది. అర్బాబ్ అంటే మా యార్డు యజమాని. తెల్లని సీట్లున్న ఆ పడవంటే ఆయనకు ప్రాణం. ఆ వారం ఖాజా భాయ్‌కి జ్వరం, అల్ మన్సూరా పేటలోని తన రూములో పడుకుని ఉన్నాడు. నాకేమో గుడ్డ కప్పడం ఒకరు నేర్పాలా అన్న ధీమా. వానకు వడ్లు తడవకుండా రాశి మీద టార్పాలిన్ బిగించడంలో మా ఊళ్ళో నా తర్వాతే ఎవరైనా. అదే పద్ధతిలో కప్పాను. అంచులన్నీ మడిచి, తాళ్ళు చుట్టి, చీమ దూరకుండా బిగించాను. నా పనితనం చూసుకుని ఫోటో కూడా తీసుకున్నాను.

అక్టోబరులో విప్పితే లోపలినుంచి మగ్గిన వాసన కొట్టింది. తెల్లని సీట్ల మీద నల్లటి బూజు మచ్చలు మచ్చలుగా పరుచుకుంది. అర్బాబ్ చూసి అరవలేదు. వేలితో నన్ను చూపించి, "హాదా మాఫీ" అన్నాడు. వీడు వద్దు అని. అంతే. మూడు మాటలు కూడా ఖర్చు పెట్టలేదు.

ఖాజా భాయ్ నన్ను వెనకేసుకొస్తాడనీ, తప్పు తన మీద వేసుకుంటాడనీ ఆశపడ్డాను. ఆయన ఆ పని చేయలేదు. "అవును అర్బాబ్, చెడగొట్టింది వీడే. కడిగేదీ వీడే. వచ్చే ఏడు ఈ పడవకు కప్పేదీ వీడే. అప్పుడు గూడ పాడైతే వీడితో పాటు నన్ను గూడ ఇంటికి తోలెయ్" అని తన అరబ్బీలో చెప్పాడు. అర్బాబ్ సరే అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు సిర్కా, అదే వెనిగర్, కలిపిన నీళ్ళతో ఆ సీట్లు తోముతూనే ఉన్నాను. పచ్చళ్ళ జాడీలో పడ్డట్టు ఒళ్ళంతా పులుపు కంపు. రెండో రోజు ఉండబట్టలేక అడిగాను. "గట్లెందుకన్నవ్ భాయ్? మంచోన్ని ఇంకోన్ని పెడితే అయిపోవు గద."

"ఆగం జేసినోనికి ఏడ ఆగమైతదో ఎరుకుంటది. కొత్తోనికేం ఎరుక?" అన్నాడు. తర్వాత బకెట్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "నర్సింగ్, పచ్చి వడ్ల మీద పరదా బిగిస్తే ఏమైతది?"

"చెమటలు పడ్తయి. ముక్కి మొలకలొస్తయి."

"మరి ఈడ?"

నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. వడ్ల విషయం నాకు పుట్టుకతో తెలుసు. అయినా ఇక్కడి గాలిలో ఉండే ఉక్క, వాన కంటే తక్కువ తడి కాదని తట్టలేదు. వానను బయట ఆపాననుకున్నాను గాని, చెమటను లోపల పెట్టి తాళం వేశాను.

"కప్పుడంటే మూసుడు గాదు. కింద జానెడు సందు విడువాలె. ఇసుక దెచ్చే షమాల్ గాలి కొట్టే దిక్కు గాదు, దాని ఎనక దిక్కు. గాలి పోవాలె, ఇసుక రావద్దు" అన్నాడాయన.

తర్వాతి మే నెలలో ఆ పడవను నేనొక్కణ్ణే సిద్ధం చేశాను. ఖాజా భాయ్ బకెట్ మీద కూర్చుని రోజంతా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆయన తిట్టకపోతే భయం వేస్తుందని ఆ రోజే తెలిసింది. చివరికి సందు కొలవబోతూ ఆయన చెయ్యి చాచమన్నాను.

"నాది సగం వేలు. నాది తక్కువ జాన. నీది పెట్టు," అన్నాడు, ఆ ఎడమ చెయ్యే చూపిస్తూ. పెట్టాను.

జూన్‌లో ఆయన రెండు నెలల సెలవు మీద ఊరికి పోయాడు. పోయేముందు, "అక్టోబర్‌ల ఇద్దరం కల్సి విప్పుదాం," అన్నాడు. ఆగస్టులో కబురు వచ్చింది. షుగరు వల్ల కాలికి పుండైందని, ఇక ప్రయాణాలు వద్దని డాక్టర్లు చెప్పారని. ఆయన ఇక రాడు. అర్బాబ్‌కు ఆయన ఇచ్చిన మాట మాత్రం యార్డులో నా మెడకు వేలాడుతూ మిగిలింది. ఆ పడవ మళ్ళీ పాడైతే పోయేది నా ఉద్యోగం ఒక్కటే కాదు. అంత నమ్మకంగా పని చేసిన మనిషి చివరి మాట తప్పిందన్న పేరు కూడా ఇక్కడే ఉండిపోతుంది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా కూలీల క్యాంప్ నుంచి బస్సెక్కి యార్డుకు పోయేవాణ్ణి, ఎండ ముదరకముందే తాళ్ళు చూసుకుని రావడానికి. క్యాంపులో దోస్తులు, "ఆ పడవను లగ్గం చేస్కున్నవారా? ప్రతి జుమ్మాకు అత్తగారింటికి పోయినట్టు పోతవ్," అనేవాళ్ళు. "అత్తగారింట్ల గింత మంచిగ చూస్తరా?" అనేవాణ్ణి.

ఒక శుక్రవారం పోయేసరికి, రెండు రోజులు కొట్టిన గాలికి ఓ పక్క తాడు తెగి, గుడ్డ జారి సందు మూసుకుపోయి ఉంది. లోపల చెయ్యి పెడితే సీటు చెమ్మగా తగిలింది. పక్కన పని చేసే నేపాలీ మిత్రుడు, మళ్ళీ గాలికి లేవకుండా చుట్టూ బిగించేయమన్నాడు. నా చేతులకూ అదే తెలిసిన విద్య, వడ్ల రాశి విద్య. అయినా తాడు కింద పడేశాను. తర్వాత గుడ్డ మొత్తం విప్పాను. సీట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఎండకు ఆరనిచ్చి, కొత్త తాడు రెండు వరుసలు కట్టి, మళ్ళీ జానెడు సందు కొలిచి విడిచాను. చొక్కా పిండితే బకెట్ నిండేది. గాలికి సందు మూయడం తెలిసినప్పుడు, దాన్ని వారం వారం తెరవడం నాకు తెలియదా అనుకున్నాను.

అక్టోబరులో అర్బాబ్ ఎదుటే గుడ్డ లాగాను. ఆయన ముందు వాసన చూశాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి, వేళ్ళు తిప్పి చూసుకున్నాడు. ఆ సీటు మీదే కూర్చున్నాడు.

ఇంజన్ మిగిలింది. ఖాజా భాయ్‌కి వినిపించాలని ఫోనులో రికార్డు పెట్టి తాళం తిప్పాను. ఇంజన్ ఓసారి దగ్గి ఆగిపోయింది. ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. మూడోసారికి అందుకుని గర్జించింది. మొదటి రెండూ కోసేసి పంపుదామని నా తెలివి చెప్పింది గాని, కోయడం నాకు రాలేదు. ఉన్నదున్నట్టు పంపాను. మధ్యాహ్నానికి ఆయన గొంతు వచ్చింది.

"రెండుసార్లు దగ్గింది. పెట్రోల్ పైపు మీది రబ్బరు ఉండ పిసుకుడు మర్చినవ్ గదరా, గాడిద!"

మరిచాను. నెలల తరబడి ఖాళీగా ఉన్న పైపులోకి పెట్రోల్ ఎక్కాలంటే ముందు ఆ ఉండను పిసకాలి. సముద్రం అవతల, మెట్‌పల్లిలో మంచం మీద పడుకుని, రెండు దగ్గుల్లో కనిపెట్టాడు. ఆ వెనకే ఇంకో మెసేజ్. "సీట్లు చూసి అర్బాబ్ ఏమన్నడు?"

"ఏమన్లే భాయ్. కూసున్నడు."

"గంతే గావాలె."

ఖాజా భాయ్ కన్నుమూసి ఇప్పటికి మూడేళ్ళు. నా కార్డు మీద ఇప్పుడు టెక్నీషియన్ అని ఉంది. మే నెలలో ప్రతి పడవకూ నా జానతో సందు కొలుస్తాను. అక్టోబరులో ముందు రబ్బరు ఉండ గట్టిపడేదాకా పిసికి, ఫోనులో రికార్డు పెట్టి, తాళం తిప్పుతాను. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఎవరికీ పంపను. పక్కకు పోయి బకెట్ బోర్లించుకుని కూర్చుని, ఎక్కడైనా దగ్గు ఉందేమోనని మొదటినుంచీ ఒకసారి వింటాను.