దస్తీ వేసిన సీటు

కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి నా దస్తీ, అదే చేతిరుమాలు, విసిరాను. తోసుకుంటూ ఎక్కి చూస్తే, పక్క సీట్లో ఒక విదేశీ తెల్లావిడ ఆ దస్తీ మీద అరచెయ్యి పెట్టి, కూర్చోబోతున్న ఒకాయనతో గట్టిగా అంటోంది: "ఈడ మనిషున్నడు!"

కూర్చున్నానేగాని, ఆదిలాబాద్ ఆస్పత్రిలో అమ్మకెలా ఉందో తెలియక నాకు నిలకడ లేదు. ఫోను తీస్తున్నాను, జేబులో పెడుతున్నాను, మళ్ళీ తీస్తున్నాను.

"పరేషాన్ గాకు తమ్మీ," అందామె.

"మా తెలుగు ఏడ నేర్చుకున్నరమ్మా?"

"కరీంనగర్లనే. ఈడికొచ్చి నాలుగేండ్లాయె. మొదట్ల మస్తు కోపమొస్తుండె. సీటు ఖాళీగ కనవడ్తది, మనిషున్నడంటరు. ఏడున్నడంటె దస్తీ చూపెడ్తరు. మా దేశంల గిట్ల నడువది." నవ్వింది. "ఇయ్యాల నేనే అన్న."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా ఫోను జేబులోనే ఉంది. జగిత్యాలలో ఆమె దిగిపోయింది. పేరడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది.

జనం ఎక్కారు. ఒకాయన ఆమె సీటు చూపించి అడిగాడు: "ఈడ ఎవరన్న ఉన్నరా అన్నా?"

నా దస్తీ అప్పటికే ఆ సీటు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు.

"మనిషున్నది," అన్నాను.

ఆయన దస్తీ వంక చూసి, ఇంకేం అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయాడు.