మిచిగన్ దుంప, గుంటూరు నాలుక

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒక దుంప మీదికి మనసు పోతుంది. అది మన దుంప కాదు. దాని పేరు రూటబేగ. టర్నిప్‌కి పెద్దన్నలా ఉంటుంది. పైన ఊదా రంగు, కోస్తే లోపల పసుపు. మా గుంటూరు వైపు ఎవరికైనా చూపిస్తే గేదెలకి వేసేదేమో అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు చలికాలం మొదలైతే చాలు, రియాద్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్లలో కూరగాయల అరల చుట్టూ దాని కోసం తిరుగుతుంటాను. దొరక్కపోతే ఇంట్లో అందరి మీదా విసుక్కుంటాను. అందరూ అంటే మా ఆయన ఒక్కరే.

ఈ తిక్క నాకు అంటించి వెళ్ళినావిడ రియాద్‌లోనే, మలాజ్ అనే పేటలో మా పక్క ఫ్లాట్‌లో ఉండేది. మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళం. నేను ల్యాబ్‌లో. ఆవిడ కొత్తగా వచ్చిన నర్సులకు శిక్షణ ఇచ్చేది. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. పుట్టి పెరిగింది అమెరికాలో, మిచిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన. ముత్తాతలు ఫిన్లాండ్ నుంచి అక్కడి రాగి గనుల్లో పనికి వచ్చారట. తరాలు మారినా, భాష సగం మరిచిపోయినా, క్రిస్మస్ బల్ల మీది వంటలు మాత్రం వాళ్ళు మార్చుకోలేదు. మా ఆయన ఆవిణ్ణి "మీ మిచిగన్ పెద్దమ్మ" అనేవారు.

మేం పక్కింట్లో దిగిన మొదటి ఏడాదే ఆవిడ క్రిస్మస్ ముందు రోజు నన్ను పిలిచి పళ్ళెం నింపింది. క్యారట్‌నీ అన్నాన్నీ పాలతో కలిపి ఓవెన్‌లో కాల్చిన వంటకం ఒకటి. రూటబేగని ఉడకబెట్టి, మెదిపి, మీగడలో నానిన రొట్టెపొడి, గుడ్డు, పాకం, జాజికాయ కలిపి గంటల తరబడి సన్న సెగ మీద కాల్చింది ఇంకొకటి. జడలా అల్లిన ఏలకుల రొట్టె. ఎండిన ప్లమ్ పళ్ళ గుజ్జు నడుమ పెట్టి నక్షత్రాల్లా మడిచిన బిళ్ళలు. రొట్టె నచ్చింది. బిళ్ళలు నచ్చాయి. దుంప దగ్గరికి వచ్చేసరికి నా నాలుకకి ఏమీ అందలేదు. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు మాటే లేదు. మర్యాదకి మింగాను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అన్నారా అనుకుంటూ ఇంటికొచ్చి ఆవకాయ అన్నం కలుపుకున్నాను.

ఆవిడ మాత్రం నా వంట ఏది పెట్టినా ఊడ్చుకు తినేది. గుమ్మడికాయ పులుసు, కాకరకాయ వేపుడు, బొబ్బట్లు, అన్నీ. పులుసు మిగిలితే రేపటికి ఉంచమని అడిగి మరీ తీసుకెళ్ళేది.

తర్వాత కోవిడ్ వచ్చింది. ఆవిడకి జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదు. వాసన పూర్తిగా పోయింది. నాలుకకి తీపి, ఉప్పు ఎక్కడో దూరంగా అందేవి. మిగతాదంతా తడి, పొడి, మెత్తన, గట్టి, అంతే. ఈ ఊళ్ళో ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు కహ్వా, అదే ఏలకులు వేసిన అరబ్బు కాఫీ, పోస్తారు. ఊరంతా ఏలకుల వాసన, ఆవిడకి ఒక్కదానికే లేదు. ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లకి ఆవిడ ఓవెన్ వెలిగించలేదు. "ఎవరి కోసం? కళ్ళకి గంతలు కట్టుకుని బొమ్మ గీసినట్టుంటుంది" అంది. నేను బలవంతం చేయలేదు.

మూడో ఏడు నవంబరులో ఆవిడ మా తలుపు తట్టింది. మొహం వెలిగిపోతోంది.

"మా తమ్ముడు వస్తున్నాడు. ఇప్పుడు టూరిస్టు వీసాలు తేలిగ్గా ఇస్తున్నారుగా. క్రిస్మస్‌కి నా దగ్గరే ఉంటాడు."

సంతోషం అన్నాను. ఆవిడ లోపలికి వచ్చి కూర్చుంది.

"అమ్మ బల్ల మీద తిన్నవాళ్ళలో ఇక మేమిద్దరమే మిగిలాం. వాడికి అమ్మ చేసినట్టే పెట్టాలి. ముఖ్యంగా దుంప. నా ముక్కు సంగతి వాడికి చెప్పలేదు. చెప్పను కూడా."

"మరి ఎలా చేస్తారు?"

"నువ్వున్నావుగా."

నాకు నవ్వొచ్చింది. నేను మనుషుల రక్తంలో చక్కెర చూసి చెప్పే మనిషిని, అదీ మెషిన్ చూసి చెబుతుంది. వాళ్ళమ్మ వంట నేనెక్కడ తిన్నాను? అదే అడిగాను. "నువ్వు తినలేదు, నేను తిన్నాను. నాకు వాసన లేదు, నీకు ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం" అంది. గుడ్డికన్నా మెల్ల మేలని ఒప్పుకున్నాను.

అలా ప్రతి శుక్రవారం ఆవిడ వంటింట్లో మాకు పరీక్ష మొదలైంది. చిన్న గిన్నెలో చేయడం, నా నోట్లో పెట్టడం, నా మొహంలోకి చూడడం. మొదటిరోజు ఎలా ఉందంటే "చప్పగా ఉంది" అన్నాను. ఆవిడ బుర్ర ఊపి, "నీకు చప్పగా ఉంటే సరిగ్గా ఉన్నట్టే" అంది. నాకు కోపం వచ్చింది. అంత మాత్రానికి నేనెందుకు అన్నాను. అప్పుడు ఆవిడ ఆలోచించి వేరే దారి పట్టింది. వాసన పోకముందు తిన్న నా వంటలన్నీ ఆవిడ జ్ఞాపకంలో ఉన్నాయి. వాటినే కొలత చేసుకుంది.

"మీ గుమ్మడికాయ పులుసు అంత తీపి ఉందా?"

"లేదు. అందులో సగం."

"పులుసులో పులుపు తీసెయ్యి. ఇప్పుడు?"

"పులుపు తీసేస్తే అది పులుసెలా అవుతుంది?"

"తీసెయ్యవే తల్లీ" అన్నట్టు చేతులు జోడించింది. కళ్ళు మూసుకుని మనసులో చింతపండు తీసేశాను. ఇంకో ముద్ద తిన్నాను. అవును, దగ్గరగానే ఉంది.

"చేదు ఉందా? కాకరకాయ చేదు?"

"కాకరకాయ కాదు. పోపులో మెంతులు కాస్త ఎక్కువ వేగితే వస్తుందే, అది. మింగాక తెలుస్తుంది."

ఆవిడ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. "నాలుక వెనకనా?"

"అవును."

"అమ్మదే" అంది. నేను గిన్నె కడగడానికని అటు తిరిగాను, నా కళ్ళు ఆవిడకి కనబడకుండా.

పాకం దగ్గర రెండు మూడు వారాలు పోయాయి. వాళ్ళమ్మ వాడిన నల్ల పాకం ఇక్కడ దొరకలేదు. ఖర్జూర పాకం ఈ దేశంలో ప్రతి కొట్లోనూ ఉంటుంది కాబట్టి అది వేశాం. పండు వాసన వస్తోందని చెప్పాను. వాళ్ళమ్మదాంట్లో పండు వాసన లేదట, అంచు మాడినట్టు ఉండేదట. నేను ఇంటికెళ్ళి నల్లబెల్లం ముక్క తెచ్చి, ముదురుపాకం పట్టి, ఇంకాస్త ఉంచి దించాను. అది వేసి కాల్చినది తిన్నాను. పండు లేదు, మాడు ఉంది. బెల్లాన్నే ఖాయం చేసుకున్నాం. దుంప పైన చెంచా వెనకతో అలల్లా గీతలు పెట్టడం మాత్రం ఆవిడకి ఎవరి సాయమూ అక్కర్లేదు. చేతికి ఇంకా తెలుసు.

రొట్టె రోజు ఆవిడ ఏలకులు రోట్లో దంచి, పొడి అంటిన అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. చెయ్యి తన ముక్కు దగ్గర కూడా పెట్టుకుంది. కొంతసేపు ఉంచి, తర్వాత పిండిలో దులిపింది.

డిసెంబరు మధ్యలో ఒక చిక్కు వచ్చి పడింది. ఆ శుక్రవారం ఒక ముద్ద తిని, అడక్కుండానే ఇంకో ముద్ద తీసుకున్నాను. ఆవిడ అనుమానంగా చూసింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"చప్పగా లేదూ?"

"లేదు. చాలా బాగుంది."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "అయితే ఎక్కడో తప్పు చేశాం. ఉప్పు ఎక్కువ పడింది." అలా ఏం లేదు, నా నాలుకే మారిందని నాకు తెలుస్తూనే ఉంది. ఎంత చెప్పినా నమ్మదే. చివరికి గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చి మా ఆయన చేతిలో చెంచా పెట్టాం.

ఆయన తిని, నీళ్ళు తాగి, నా వైపు తిరిగారు. "ఏందే ఇది, చంటిపిల్లలకి అన్నప్రాశన రోజు పెట్టే గుజ్జులా ఉంది. రెండు పచ్చిమిరపకాయలన్నా చిదిమి వెయ్యొచ్చుగా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. పాపం, ఎందుకు మెచ్చుకుంటోందో ఆయనకి అర్థం కాలేదు.

తమ్ముడు వచ్చాడు. తమ్ముడంటే కుర్రాడేం కాదు, అరవై దాటిన భారీ మనిషి, వడ్రంగి పని చేసి మానుకున్నవాడు. క్రిస్మస్ ముందు రోజు ఇక్కడ మామూలు పని రోజే. డ్యూటీ దిగి బట్టలు మార్చుకుని నేనొక్కదాన్నే ఆవిడ ఇంటికి వెళ్ళాను. బల్ల మీద తెల్ల గుడ్డ, రెండు కొవ్వొత్తులు, వంటలు. పంది మాంసం ఈ దేశంలో ఉండదు. దాని ఊసు ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. పండుగంతా దుంపల్లోనే ఉందనేది.

తమ్ముడు రొట్టె తిన్నాడు, బాగుందన్నాడు. క్యారట్ వంటకం తిన్నాడు. రూటబేగ వడ్డించుకున్నాడు. ఆవిడ తన పళ్ళెం ముట్టకుండా ఆయన నోటి వైపే చూస్తోంది. నేనూ అంతే. ఆయన తింటూ పోయాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు. మూడోసారి కూడా. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"అమ్మ చేసినట్టు ఉందా?"

ఆయన చెంచా కింద పెట్టి కాస్త సిగ్గుగా నవ్వాడు. "నాకేం తెలుసు? ఆ ఇంట్లో నేనెప్పుడూ ఇది తినలేదు. వాసనే పడేది కాదు. బల్ల కింద కుక్కకి పెట్టేసేవాణ్ణి. నువ్వూ చూసేదానివిగా, మరిచిపోయావా? చూసి కూడా అమ్మకి చెప్పేదానివి కాదు."

అంత కష్టపడి చేసిన వంటకి సాక్షి లేకుండా పోయాడు. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం చూశాను. నాకైతే ఆ మనిషి మీద పట్టరాని కోపం వచ్చింది. చిన్నప్పుడు నాలుగు ముద్దలు తింటే ఏం పోయింది అని అడగాలనిపించింది.

ఆవిడ ఇక దాచలేదు. తనకు వాసన పోయి రెండేళ్ళు దాటిందని, ఈ బల్ల మీది వేటి రుచీ తనకు తెలియదని, అన్నీ రుచి చూసి చెప్పింది నేనని. ఆయన అక్క చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మా అమ్మ చేసింది ఇలాగే ఉండేదా?"

వాళ్ళమ్మ ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. వాళ్ళ ఊరు చూడలేదు. మంచు కూడా చూడలేదు. అయినా అక్కడున్న ముగ్గురిలో ఆ మాట చెప్పగలిగింది నేనే. "ఇలాగే ఉండేది" అన్నాను. ఆవిడ తల ఊపి, అప్పుడు మొదటి ముద్ద తీసుకుంది.

ఏడాది తిరక్కుండా ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. ఇక తిరిగి రానక్కర్లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద వెళ్ళిపోయింది. ఇప్పుడు తమ్ముడి ఇంటికి దగ్గర్లో ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో వేరే కుటుంబం దిగింది. మంచివాళ్ళే. అయినా లిఫ్ట్ దిగినప్పుడల్లా ఆ తలుపు వైపు చూస్తాను, అది తెరుచుకుని ఆవిడ గరిటతో బయటికి వస్తే బాగుండునని.

పోయిన డిసెంబరులో ఆవిడ వీడియో కాల్ చేసింది. అక్కడ రూటబేగలకేం కొదవ లేదు. వండిందట. తమ్ముడు తిని, "రియాద్‌లో తిన్నట్టు లేదు" అన్నాడట. వాళ్ళమ్మది ఎలా ఉండేదని ఇప్పుడు అక్కడ ఎవరూ అడగడం లేదు.

"నువ్వు చేశావా?" అంది.

చేశాను. ఫోను గిన్నె మీదికి తిప్పి చూపించాను.

"తిని చెప్పు."

భోజనం అప్పుడే అయింది. అయినా ఒక ముద్ద తిన్నాను. తీపి పులుసులో సగం ఉందన్నాను. జాజికాయ ముందు వచ్చి వెళ్ళిపోయిందన్నాను. పాకం అంచు మాడింది, చేదు వెనకగా వస్తోంది, ఇప్పుడు వచ్చింది అన్నాను. తెర మీద ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. దవడ మెల్లగా కదులుతోంది, తనే నములుతున్నట్టు. నేను చెప్పడం అయిపోయినా కళ్ళు తెరవలేదు.

"ఇంకొక్క ముద్ద తిను" అంది.

కడుపులో చోటు లేదు. తిన్నాను.