జీతం అడిగితే చుట్టరికం చూపించారు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇప్పుడు మా పిల్లలు "అమ్మా, నువ్వెంత శాంతంగా ఉంటావో" అంటే నవ్వొస్తుంది. శాంతం కాదురా, ఓపిక అయిపోయింది, అంతే. కానీ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎవరైనా పని చేయించుకుంటూ "నువ్వు మా ఇంటి మనిషివి" అన్నారంటే చాలు, నేను లేచి చెప్పులు వెతుక్కుంటాను. ఎందుకో చెబుతాను వినండి. (నా చదువు అయిదో తరగతితో ఆగింది కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం తప్పులుండవు. ఆ ఇంట్లో చీపురు ఏ మూల ఉండేదో కూడా చెప్పగలను.)

మాది సోలాపూర్. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గాల పనికి పోయి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లం. పెళ్లికి ముందు నుంచీ నేను ఒక టవళ్ల కార్ఖానాలో అంచులు కుట్టేదాన్ని. అక్కడి సేటుకు నా పేరు తెలియదు. నా మిషను నంబరు ఏడు కాబట్టి నేనూ ఏడే. "ఏడూ, చెయ్యి ఆగిందేంది?" అని ముకాదం అరిచేవాడు. (ముకాదం అంటే మా మీద అరవడానికే జీతం తీసుకునే మనిషి.) డజనుకు ఇంత అని గోడ మీద సుద్దతో రాసి ఉండేది. శనివారం సాయంత్రం వరసలో నిలబడితే కూలి చేతిలో పడేది. ప్రేమ లేదు, పేరు లేదు, అనుమానమూ లేదు. ఆ ముకాదాన్ని రోజూ తిట్టుకునేదాన్ని. ఊరు మారాక ఆ మనిషి కోసమే బెంగ పెట్టుకుంటావని అప్పుడు ఎవరైనా చెబితే వాళ్లనూ తిట్టేదాన్ని.

పెళ్లైన రెండో ఏడు కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా ఆయనకు సికింద్రాబాద్‌లో, రాంగోపాల్‌పేట్‌లోని ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో పని కుదిరింది. రాష్ట్రం దాటి, రెండు ట్రంకు పెట్టెలతో వచ్చి బోయిగూడలో మా చిన్నత్త ఇంట్లో దిగాం. ఇల్లంటే ఒకటిన్నర గది. ఆ అర గదికి అడ్డంగా ఒక పాత చీర కట్టి మాకిచ్చారు. చీరకు అటువైపు చిన్నమామ దగ్గితే ఇటువైపు నుంచి మా ఆయన "నీళ్లు కావాల్నా మామా?" అని అడగాలి. కొత్త కాపురం ఎట్లా సాగిందో మీరే ఊహించుకోండి. అదే వీధి చివర ఒకావిడ మేడ మీద గది ఖాళీగా ఉండేది. దానికి తలుపు ఉంది. తలుపుకు లోపలివైపు గడియ ఉంది. గోడలు పెచ్చులూడినా, కిటికీకి అద్దం లేకపోయినా, ఆ గడియ చూసి నేను ఆ గది మీద మనసు పడ్డాను. ఇద్దరి జీతాలు కలిస్తే అద్దె కట్టగలం. నాకు జీతం ఒకటి ఉండాలి, అంతే.

పద్మారావు నగర్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో పని దొరికింది. కింద దుకాణం, పైన వాళ్ల ఇల్లు. నడిపే ఆవిడను గిరాకీలు మేడమ్ అనేవాళ్లు, మేము అక్కా అనాలి, నేను మనసులో రెండూ కలిపి మేడమక్క అని పెట్టుకున్నాను. మొదటి రోజు మిషను మీద కూర్చోకముందే "అక్కా, జీతం ఎంతిస్తరు?" అని అడిగాను. ఆవిడ నవ్వి, వచ్చి, నా గడ్డం పట్టుకుంది. "ఏందమ్మా, వచ్చీరాంగనే పైసలు పైసలంటవ్? నువ్వు మా ఇంటి మనిషివి. మా ఆడబిడ్డ లెక్క. నీకు తక్కువ చేస్తమా?" అంది. అప్పటిదాకా నా గడ్డం పట్టుకున్న యజమాని లేడు. ఏడో నంబరు కాస్తా ఆడబిడ్డ అయ్యేసరికి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. (ఆ కళ్లను ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల నెత్తిన రెండు మొట్టికాయలు వేయాలనిపిస్తుంది.)

ఇంటి మనిషి అంటే ఏమిటో నెల తిరిగేసరికి తెలిసింది. దుకాణం తెరిచేది పదింటికి, ఇంటి మనిషి తొమ్మిదికే వచ్చి పాల ప్యాకెట్లు తేవాలి. నాలుగు బ్లౌజులకు హెమ్మింగ్ చేసి పైకి పోయి చిక్కుడుకాయలు తుంచాలి. మేడమక్క అత్తగారి మోకాళ్లకు నూనె రాయాలి. (ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. నూనె రాస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని అన్నీ వినే రకం.) సోలాపూర్ పిల్ల జొన్నరొట్టె బాగా చేస్తుందని ఎవరో అన్నారు, అంతటితో నా సాయంత్రాలు పోయాయి. నెలాఖరున మేడమక్క మడతపెట్టిన నోట్లు కొన్ని చేతిలో పెట్టి "ఖర్చులకుంచుకో" అంది. రెండో నెల ఇంకా తక్కువ నోట్లు, వాటితో ఒక పాత చీర, ఒక డబ్బాలో పప్పుచారు. "అక్కా, నెలకింత అని చెప్పరాదూ?" అంటే, "శ్రావణం రానియ్. పండుగకు చూస్తం గద! ఇంట్ల మనిషికి లెక్కలేందమ్మా?" అంది. పప్పుచారు డబ్బా పట్టుకుని బోయిగూడ దాకా నడిచి వచ్చాను. దారి పొడుగునా ఆ డబ్బాను ఎవరి నెత్తిన బోర్లించాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

దుకాణంలో కటింగ్ చేసే మాస్టర్ సాబ్ ఉండేవాడు. గడ్డం నెరిసిన మనిషి, కత్తెర ఆగినప్పుడే నోరు విప్పేవాడు. ఒక రోజు ఉండబట్టలేక "మాస్టర్ సాబ్, మీరు సుత ఇంటి మనిషేనా?" అని అడిగాను.

"తోబా తోబా! నేను మొదటి రోజే చెప్పిన బేటీ. నాకు సుట్టరికం వద్దు, పీసుకు ఇంతని చెప్పుండ్రి అన్న. సుట్టాలు నాకు ఇంట్ల మస్తున్నరు."

"మరి నాకెందుకు జెర ముందే చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు ఖుషీతోని ఏడుస్తుంటివి."

శ్రావణ మాసం మొదలైంది. పెళ్లిళ్లూ నోములూ, గుట్టలుగా బ్లౌజులు. మేడ మీద గది ఆవిడ కబురు పెడితే పోయాను. ఆవిడ మంచిదే, కానీ సూటి మనిషి. "మీ ఆయన జీతం చెప్పిండు. నీ జీతమెంత?" అంది. "తెల్వదు" అన్నాను. "తెల్వదా? మూడు నెల్ల సంది పనికి పోతున్నవు, నీ జీతం నీకు తెల్వదా?" అని ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఈ సోమవారం దాటితె వేరేటోళ్లకు ఇచ్చేస్త బిడ్డా. నీ జీతం నీకు తెలిసినంక రా." ఆ మెట్లు దిగుతున్నప్పుడు వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు. సేటు నా పేరు మరిచిపోయాడు గానీ నా కూలి మరిచిపోలేదు. ఈవిడ గడ్డం పట్టుకుని మరీ మరిచిపోయింది.

సరిగ్గా ఆ శనివారమే మేడమక్క నా దగ్గరికి వచ్చి, "రేపు మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నం. నలభై మందొస్తరు. పొద్దుగాల ఆరింటికే రా. ఇంటి మనిషివి, నువ్వు లేకుంటె ఎట్లయితది?" అంది. ఒడిబియ్యం తెలుసు కదా, పెళ్లైన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ ఒడిలో పోసి, చీర పెట్టి పంపే వేడుక. ఆవిడ అడిగింది నలభై మంది తిన్న గిన్నెలు తోమడానికి. నేను "సరే అక్కా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆదివారం ఆరింటికి పోలేదు. తలంటు పోసుకుని, పెళ్లి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, మా ఆయనకు ఇస్త్రీ చొక్కా అందించాను.

"గిన్నెలు తోమనీకి పట్టుచీరెందుకే?" అన్నాడు.

"గిన్నెలకు ఎవరు పోతుండ్రు? ఒడిబియ్యానికి పోతున్న."

"ఎవరి ఒడిబియ్యం?"

"నాదే."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "నీకు ఈ ఊర్ల ఉండబుద్ధి అయితలేదా?" అన్నాడు. అయినా వెంట వచ్చాడు. (మంచివాడు. భయస్తుడు. రెండూ ఒకే మనిషిలో ఉంటే కాపురం సుఖంగా ఉంటుంది.)

మేము పోయేసరికి పదకొండు. హాలు నిండా చుట్టాలు. ఆవిడ ఆడబిడ్డ అప్పుడే పీట మీద కూర్చుని కొంగు పరిచింది. నేను నేరుగా వంటింట్లోకి పోయి, గ్యాసు సిలిండరు వెనక ఉండే రెండో పీట తెచ్చి (రోజూ తుడిచేదాన్ని, నాకు తెలియదా?) ఆమె పక్కన వేసుకుని కూర్చుని, నేనూ కొంగు పరిచాను. మా ఆయన వాకిట్లో చెప్పుల మధ్య చెప్పులా నిలబడిపోయాడు.

"గీ పిల్ల ఎవరు?" అంది ఒక ముసలమ్మ.

"మా దుకాణంల... హెమ్మింగ్ చేస్తది..." మేడమక్క ముఖం ఎర్రబడింది. "లేమ్మా, లే. పరాచికాలా ఏంది?"

"పరాచికాలేంది అక్కా? నేను మీ ఇంటి ఆడబిడ్డనంటివి గద. మూడు నెల్ల సంది రోజూ చెప్తున్నవు," అన్నాను. కొంగు ఇంకా వెడల్పుగా పరిచాను. కోపంతోనే పరిచానని అప్పుడు అనుకున్నాను.

గోడకు ఆనుకున్న పెద్దమ్మ కళ్లు తెరిచింది. "అన్నవా, అనలేదా?" అని కోడలిని అడిగింది.

"ఏదో మాట వరసకన్న అత్తమ్మా."

"మాట వరసకైతె మోకాళ్లకు నూనె ఎట్ల రాపించినవు? శ్రావణంల ఒడి పట్టి కూసున్న ఆడపిల్లను వట్టి ఒడితోని లేపుతమా? ఇంకిన్ని బియ్యం కలుపు."

"మరి చీర?" అంది మేడమక్క.

"బీరువాల కొత్తది ఉన్నది గద, వరలక్ష్మి వ్రతానికని తెచ్చుకున్నవు."

ఆ చీర నాకు బాగా తెలుసు. నెమలిపచ్చ, కుంకుమరంగు అంచు. శుక్రవారం దానికి ఫాల్ కుట్టింది నేనే. మేడమక్క దాన్ని పళ్లెంలో పెట్టి తెస్తూ, అత్తారింటికి పోయే కూతుర్ని చూసినట్టు చూసింది. పెద్దమ్మ లేవలేక లేచి, ముగ్గురు ముత్తైదువలను పిలిచి, నా ఒడిలో బియ్యం పోసింది. పసుపు బియ్యం గోరువెచ్చగా తొడల మీద పడింది. పెళ్లై రెండేళ్లయినా నన్ను కన్న మా అవ్వకు నాకు ఒడిబియ్యం పోసే తాహతు రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బియ్యం పడ్డ చప్పుడుకు అది గుర్తొచ్చింది. ఏడవకూడదని పళ్లు బిగించాను, యుద్ధానికి వచ్చినదాన్ని కదా! లేచే ముందు ఒడిలోంచి అయిదు పిడికిళ్లు పుట్టింటి చేటలో తిరిగి పోయాలి, పుట్టిల్లు నిండుగా ఉండాలని. మేడమక్క చేట పట్టుకుని నిలబడింది. ఇచ్చినదాంట్లోనూ కోతేనా అనుకుంటూ, ఉన్న చిన్న పిడికిలిని ఇంకా చిన్నది చేసి పోశాను.

మర్నాడు మేడమక్క నన్ను మిషను మీద కూర్చోనివ్వలేదు. "నీకు దండం తల్లీ. చీర పోయింది, ఇజ్జత్ పోయింది. సుట్టరికం కంటె జీతమే అగ్గువ. నెలకెంత కావాలె, చెప్పు!"

"మూడు వేలు. ఆదివారం సెలవు. గిన్నెలు, రొట్టెలు బంద్," అన్నాను. రాత్రంతా కంఠస్థం చేసిన పాఠం.

"సరే."

అంత తొందరగా సరే అనడంతో మళ్లీ ఒళ్లు మండింది. నాలుగు వేలు అనాల్సింది! కత్తెర ఆగింది. మాస్టర్ సాబ్ గుడ్డ వైపే చూస్తూ "ముబారక్ బేటీ" అన్నాడు.

జీతం తెలిసింది కాబట్టి గది దొరికింది. కానీ ఆ రోజు నుంచి నన్ను ఎవరూ పైకి పిలవలేదు. టీ కింది దుకాణానికే వచ్చేది, మాస్టర్ సాబ్‌కు ఇచ్చేలాంటి గాజు గ్లాసులో. గడ్డం ఎవరూ పట్టుకోలేదు. నేను దానికీ కోపం తెచ్చుకున్నాను. "వీళ్లు నన్ను పరాయిదాన్ని చేసిండ్రు" అని ఇంటికొచ్చి గిన్నెలు విసిరేస్తే, మా ఆయన చేతులు జోడించాడు. "జీతం ఇయ్యకుంటె కోపం, ఇస్తె కోపం. అసలు నీకేం గావాల్నే?" విసిరేసిన గిన్నెలే ఏరుకుని మళ్లీ తోమాను, ఇంకా కోపంగా.

ఒడిబియ్యం ఆ వారంలోనే వండి మనవాళ్లకు పెట్టాలి. కొత్త గదిలో మొదటి వంట అదే. చిన్నత్తనూ చిన్నమామనూ, మేడ ఆవిడనూ, మాస్టర్ సాబ్‌నూ పిలిచాను. నెమలిపచ్చ చీర కట్టుకుని, అప్పటికీ ఉబ్బిన ముఖంతోనే వడ్డిస్తున్నాను. మేడ ఆవిడ అన్నం కలుపుతూ "బియ్యం మంచిగున్నయి. ఎవలు పోసిండ్రు బిడ్డా?" అని అడిగింది. పది తిట్లు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"మా పుట్టింటోళ్లు," అన్నాను.

"సోలాపూర్ నుంచి వచ్చిండ్రా?"

"లే. పద్మారావు నగర్‌ల ఉంటరు," అన్నాను, అదీ కోపంగానే. మాస్టర్ సాబ్ తల వంచుకుని తింటున్నాడు గానీ భుజాలు ఊగుతున్నాయి.

అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, ఇప్పుడు నాకు ఎదురైతే ఒకటి అడగాలని ఉంటుంది. "ఏమే, నీకు జీతమూ కావాలి, పుట్టిల్లూ కావాలా?" అని. "కావాలి!" అంటుంది, గరిటె పట్టుకుని, నా మీదకే వస్తూ. సరేలే తల్లీ, ఇంకొంచెం వడ్డించు, అని పళ్లెం చాపుతాను.