కొత్తవాళ్లు నిలబడండి

మా ఇల్లు అమెరికాలో, మోరిస్‌విల్‌లో. ఆఫీసు పని మీద అప్పుడప్పుడూ ఫ్లైటెక్కి ఇంకో రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండిపోతాను. ఆ మధ్య అక్కడి తెలుగు చర్చిలో పాస్టరుగారు, "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అన్నారు. పైఊరివాణ్ని కదా అని నేనూ లేచాను. వెనక కూర్చున్న కరుణమ్మగారు చొక్కా పట్టుకుని లాగారు.

"కూర్చోండి బ్రదర్! మీరు మావాళ్లేగా. లంచ్ చేయకుండా వెళ్లిపోకండి."

ఆ మాటకి ఎంత మురిసిపోయానో!

తర్వాతి ఆదివారం మోరిస్‌విల్‌లో, మా సొంత చర్చిలో, నా భార్య పక్కన కూర్చున్నాను. ఈమధ్యే చేరిన ఒకావిడ నవ్వుతూ వచ్చి, కొత్తవాళ్లకిచ్చే చాక్లెట్ నా చేతిలో పెట్టింది. మా ఆవిణ్ని అడిగింది:

"మీ చుట్టాలా సిస్టర్? ఫస్ట్ టైమ్ వచ్చారా?"

నేను నవ్వేశాను. నా భార్య నవ్వలేదు.