గేరు నూనె మార్చిన శుక్రవారాలు

మల్కాపురంలో జ్ఞానదాసు పికప్పు తెలియనివాళ్లు లేరు. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి వదిలించుకున్న బండి. క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. చేపల బుట్టలు, సిమెంటు, పెళ్లివారి వంటపాత్రలు, అన్నీ అందులోనే.

జ్ఞానదాసు మొదట పోర్టులో లారీ నడిపేవాడు. ఓడను కట్టిన తాడు తెగి కొట్టడంతో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలితో నడవగలిగాడు గానీ క్లచ్చి తొక్కలేకపోయాడు. అందుకే వెతికి వెతికి ఈ బండి కొన్నాడు. ఇది ఉన్నంతకాలం అతను డ్రైవరు. ఇది పోతే ఏమవుతాడో భార్య గ్రేసీకి తెలుసు. ఆమె తమ్ముడు జాక్సన్ అప్పటికే ఒక గోడౌన్లో వాచ్‌మన్ పని మాట్లాడి ఉంచాడు.

ఒక ఏడాది, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలవబోతుండగా బండి మొరాయించింది. ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే తప్ప చక్రాలు కదలవు. యారాడ కొండ సగం ఎక్కి వెనక్కి జారింది.

"ఏటి బావా, ఈ ముసిల్దాన్ని ఇంకెన్నాళ్లు మోత్తావు?" అన్నాడు జాక్సన్.

"నాను మోత్తన్నానేటిరా? అదే నన్ను మోత్తంది."

"మోసింది సాల్లే. గోడౌన్లో కుర్సీ ఉంది, ఫేనుంది. కూకో."

జ్ఞానదాసు అన్నం సగంలో వదిలేసి లేచాడు. గ్రేసీ ఆ కంచం చూసి, పాతూరు నుంచి మెకానిక్ ఖాజాని పిలిపించింది.

ఖాజా గేరు నూనె కొలిచే పుల్ల లాగి వాసన చూశాడు. "మాడిన పప్పు వాసనొత్తంది బావా. లెవెలు ఎలా సూత్తన్నావు?"

"ఇంజను ఆపి, పుల్ల తుడిసి సూత్తాను. ఎప్పుడూ నిండుగానే ఉంటాది."

"లారీ బుద్ధి పోనిచ్చావు కాదు! అది ఇంజనాయిలుకి. దీనికి బండి వేడెక్కాల, ఇంజను తిరగతా ఉండాల. ఆపేత్తే పైనున్న నూనంతా కిందకి దిగి నిండుగా కనపడతాది."

ఇంజను ఆన్ చేసి చూస్తే పుల్ల కొస కూడా సరిగా తడవలేదు. ఇన్నేళ్లూ ప్రాణంలా చూసుకుంటున్నాననుకుంటూ బండిని పస్తులుంచాడన్నమాట.

"అయితే మొత్తం ఒంపేసి కొత్తది పోసీ," అన్నాడు జ్ఞానదాసు.

"ముసల్దానికి ఒక్కసారే పోత్తే తట్టుకుంటదో లేదో! ముందు నూనె వడకట్టే జాలీ మారుత్తాను. తరవాత నువ్వే కొంచెం తియ్యి, తీసినంతే పొయ్యి, కొన్నాళ్లు తిప్పు. మళ్లా తియ్యి."

శ్రమల దినాల్లో శుక్రవారం జ్ఞానదాసు ఉపవాసం, కిరాయిలకు పోడు. ఆ శుక్రవారాలు బండికిచ్చాడు. పెట్టుడు కాలు విప్పి గోడకు ఆనించి, గోనె మీద పడుకుని బండి కిందకు జరిగేవాడు. దిగిన నూనెను పాత సీసాల్లోకి వంపి, కొత్తది అంతే కొలిచి పోసేవాడు. తర్వాత సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టి గేరు కర్రను ఒక్కో చోటికి జరిపేవాడు. తిరిగే ఇంజను పక్కన నిలబడి పుల్ల చూడటం గ్రేసీ పని. వేడికి ఆమె ముఖం కందిపోయేది.

"ఎంతుందే?"

"గీత కాడికొచ్చింది. నీకన్నా దానికే తిండి సుబ్బరంగా అందతంది."

ఈస్టరు ఆరాధన కొండ అవతల యారాడ తీరాన, సూర్యోదయానికి. హార్మోనియం, మైకు సెట్టు, నడవలేని ముసలివాళ్లు, అంతా జ్ఞానదాసు బండిలోనే అన్నారు చర్చి సంఘంవాళ్లు. అతను వద్దనలేదు. వెనకాల జాక్సన్, బండి జారితే చక్రం కింద వేయడానికి ఓ బండరాయిని ఒళ్లో పెట్టుకున్నాడు. కొండ మొదలైంది. అప్పుడు జారిన మలుపు వచ్చింది. జ్ఞానదాసు తొక్కాడు. బండి ఒక్క ఊపిరి తీసుకుంది. గేరు పడింది. అరుపు లేదు, ఆలోచన లేదు. కొండ కిందికి పోతోంది, సముద్రం పైకి వస్తోంది. గ్రేసీ పక్కకు తిరిగి భర్త ముఖం చూసింది. ముందు అద్దంలోంచి రోడ్డు తప్ప అతను ఇంకేదీ చూడటం లేదు.

"ఆ రాయి పారీరా జాక్సనూ," అంది జ్ఞానదాసు తల్లి అప్పలమ్మ. "గుడ్డు పొదిగినట్టు ఎంతసేపు కూకుంటావు?"

వాచ్‌మన్ పని సంగతి జాక్సన్ మళ్లీ ఎత్తలేదు. మంచాన పడేదాకా జ్ఞానదాసు ఆ బండి నడుపుతూనే ఉన్నాడు.

అతను పోయినప్పుడు, సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు సమాధి దగ్గర చెప్పడానికి వివరాలు అడిగారు.

"ఏం పని చేసేవారమ్మా?"

"డ్రైవరండి."

"అంటే, కాలు పోకముందు..."

"పోయాకేనండి," అంది గ్రేసీ, "ఎక్కువ నడిపింది."