ఎనిమిది ఆరుగా కనిపించిన రోజు

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుండగా, జూన్ మొదటి తారీకున నన్ను నారాయణగూడలోని పరికరాల పరీక్షా కేంద్రంలో ఉష్ణోగ్రత విభాగానికి వేశారు. సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ అంటే హోదా చిన్నదే. కానీ ఆసుపత్రి పరికరం ఏదైనా నా సంతకం లేకుండా ఆ గది దాటేది కాదు. చిక్కడపల్లి నుంచి రోజూ నడిచే వెళ్లేదాన్ని.

ఆ గదిలో ఉష్ణోగ్రత కొలిచే ఒక పాత మీటరు ఉండేది. దానిలో ఒక్కో అంకె స్థానానికి పది పల్చని పారదర్శక పలకలు, ఒకదాని వెనక ఒకటి. ప్రతి పలక మీదా ఒక అంకె చెక్కి ఉంటుంది, అంచున చిన్న బల్బు. బల్బు వెలిగితే ఆ కాంతి చెక్కిన గీతల దగ్గరే బయటపడుతుంది. బల్బు మాడితే ఆ చోటు చీకటి, అంతే. మరో అంకె కనబడదు. చేరిన వారంలోనే దాన్ని ప్రామాణిక థర్మామీటరుతో నేనే సరిచూశాను. మా డిప్యూటీ డైరెక్టరు మాత్రం దాన్ని తుక్కు జాబితాలో చేర్చారు.

జూలైలో ఒక నర్సింగ్ హోం నుంచి, రిపేరు తర్వాత, ఇంక్యుబేటర్ పరీక్షకు వచ్చింది. నెలలు నిండని పసికందులను వెచ్చగా ఉంచే పెట్టె అది. తెచ్చిన టెక్నీషియన్ సత్తయ్య తొందరపెడుతున్నాడు.

"జర జల్ది చేయున్రి మేడం. పొద్దుగాల పుట్టిన పాప ఉన్నది. మా తాన ఇదొక్కటే డబ్బా."

నియమం ప్రకారం 36 డిగ్రీల దగ్గర ఒకసారి, 38 దగ్గర ఒకసారి కొలవాలి. 36 దగ్గర పెట్టె మీది ఎర్ర అంకెలూ నా మీటరూ కలిశాయి. వేడి పెంచి, పక్క టేబుల్ పని చూసుకుని వచ్చేసరికి నా మీటరు 38 చూపుతోంది, పెట్టె మాత్రం 36 అంటోంది.

అప్పటికే నర్సింగ్ హోం నుంచి ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, డిప్యూటీ డైరెక్టరు గదిలోకి వచ్చారు.

"ఆ పాత డబ్బా మాట పట్టుకొని కూసుంటరా? సంతకం పెట్టి పంపియ్యున్రి."

"సంతకం నాది సార్, పెట్టను. పది నిమిషాలు ఈడ నిలబడున్రి."

వేడి తగ్గించాను. ఎర్ర అంకెలు ఏడు గీతల ముక్కలతో ఏర్పడతాయి. కుడివైపు పై నిలువు గీత వెలగకపోతే ఎనిమిది అచ్చం ఆరులా ఉంటుంది. ఆరుకు ఆ గీత అవసరమే లేదు. ఏడుకు మాత్రం కావాలి. కాసేపటికి మీటరు 37కి దిగింది. పెట్టె మీద మూడు పక్కన పైన ఒక అడ్డగీత, కింద ఒక నిలువు గీత మిగిలాయి. అది ఏ అంకే కాదు. ఆయన వంగి చూసి వెళ్లిపోయారు.

"మరి పాపనేం చేయాలె మేడం?" సత్తయ్య అడిగాడు.

"ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపొమ్మని ఫోన్ చెయ్యి. దీంట్ల మాత్రం పెట్టొద్దు, 36 అనుకొని వేడి ఎక్కువ పెడ్తరు."

నివేదికలో 'తిరస్కరించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. పాప బతికిందని పది రోజుల తర్వాత సత్తయ్య వచ్చి చెప్పాడు. ఆ మర్నాడు, పై అధికారి మాట వినలేదని నాకు మెమో వచ్చింది. సంజాయిషీగా కొలతల పట్టిక జతచేసి పంపాను. క్షమాపణ రాయమన్నారు, రాయలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా, సున్నా నుంచి తొమ్మిది వరకు ప్రతి అంకెనూ వెలిగించి చూడకుండా ఏ పరికరాన్నీ పాస్ చేయలేదు. ఒకచోట రెండు కొలతలు కలిసినంత మాత్రాన పరికరం సరిగా ఉన్నట్టు కాదు.