రాధాబాయి కొన్న కోత మిషను

బోధన్‌లో ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా, గృహప్రవేశానికి ముందు వాళ్ళ చుట్టాలు కానుక కోసం రాధాబాయి తలుపు తడతారు. ఆ ఇంటినే అట్టతో, పిట్టగోడతో సహా, అరచేతిలో పట్టేంత చేసి ఇస్తుందామె. మొగుడు పోయాక ఆమెకు కూడు పెట్టింది ఆ పనే. అలాంటిది ఈ మధ్య కుడిచేతి బొటనవేలు మొండికేసింది. బ్లేడు పట్టుకుంటే ప్రాణం తోడేస్తుంది. వేలికి పని చెప్పొద్దన్నాడు డాక్టరు. మరి పొయ్యికేం చెప్పాలో మాత్రం ఆ మహానుభావుడు చెప్పలేదు.

ఇక అట్టను కోసే మిషను కొనక తప్పదు. మిషన్ల సంగతి తెలిసినవాడు ఆమె ఎరికలో ఒక్కడే. వాడి మొహం చూస్తేనే ఆమెకు ఒళ్ళు మంట. వాడు సొంత తమ్ముడు సిద్దిరాములు. చెరకు ట్రాక్టర్లకూ బండ్లకూ రేడియం స్టిక్కర్లు కోసి అంటిస్తాడు. వాడి కొత్తింటికి అక్క నెల రోజులు నడుం వంచి బొమ్మ ఇల్లు చేసిస్తే, అటక మీద పడేసి దానిపైన పసుపు కొమ్ముల సంచి పెట్టాడు. అప్పడంలా అణిగిన ఇంటిని చూసి ఆమె ఏడుస్తుంటే, నలుగురిలో "కాయితమే గదా" అన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మరదలు రాయబారం నడిపి, ఇద్దరినీ ఒకే బస్సులో నిజామాబాద్ పంపింది. అక్క ముందు సీట్లో, తమ్ముడు చివరి సీట్లో.

అక్కడ మిషన్లమ్మే దుకాణంవాడు అజర్ రెండింటిని చూపించాడు. ఒకటి స్టాండు మీద నిలబడే పొడవాటిది. ఇంకోటి రొట్టెల డబ్బా అంత ఉంది. సిద్దిరాములు అక్కవైపు తిరగకుండానే అన్నాడు.

"భాయ్, ఆమెకు జెప్పు. పెద్దది స్టిక్కర్ల మిషన్. మీది పొర కోస్తది, కింది కాయితం ముట్టది. అట్ట తెగదు. చిన్నదే అట్టను అవుతలికి తెంపుతది."

రాధాబాయి మూరెడు దూరంలో ఉంది. చెవిటిది కాదు. కానీ మాటల్లేనివాళ్ళ మాట చెవిన పడ్డా పడనట్టే, మధ్యవాళ్ళు చెబితేనే లెక్క. పంతం పట్టినవాళ్ళ ధర్మమది.

అవతల ఇంకో గిరాకీ పిలుస్తుంటే అజర్ తొందరపడ్డాడు. "అమ్మా, నీకు చిన్నది సాలంటుండు అన్న."

ఆమె భగ్గుమంది. "ఆయనకు జెప్పు. నా పని ఆయన కండ్లకు ఎన్నడన్న పెద్దగ గనవడ్డదా? నాకు పెద్దదే గావాలె."

"కొన్నంక నా దగ్గరికి రావద్దని జెప్పు."

"సచ్చినా రానని జెప్పు!"

అజర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెద్దదాన్ని అట్టపెట్టెలో సర్దాడు.

ఇంటికొచ్చి, అజర్ నేర్పినట్టే ఎడపల్లివాళ్ళు చేయమన్న ఇంటి గీతలను ఫోన్లోంచి మిషనుకు పంపింది. అది రయ్యిమని తిరిగింది. గోడలు, కిటికీలు, మెట్లు, అన్ని గీతలూ పడ్డాయి. ఒక్క ముక్కా ఊడలేదు. ఒత్తిడి పెంచితే అట్ట నలిగింది తప్ప తెగలేదు. అప్పుడు వినబడ్డాయి తమ్ముడి మాటలు, పొల్లుపోకుండా. వాడి దగ్గరికి పోయి ఒప్పుకోవడం కన్నా వేలు పోవడమే నయమనుకుంది. గృహప్రవేశం ఎల్లుండే. పళ్ళు బిగబట్టి బ్లేడు పట్టింది.

పలకరించడానికొచ్చిన మరదలు అదంతా చూసిపోయింది. ఆమె కడుపులో మాట ఆగుతుందా? సాయంత్రానికి సిద్దిరాములు గడపలో నిలబడ్డాడు. మధ్యలో చెప్పడానికి మనిషి లేక గోడతోనే అన్నాడు.

"నేను జెప్పలేదా?"

రాధాబాయికి కత్తెర విసిరికొట్టాలనిపించింది. తీయబోతే వేలు మడతపడలేదు. అది అతను చూశాడు. వచ్చి కూర్చుని, ఆమె చేతిలోని బ్లేడు లాక్కుని కోయడం మొదలుపెట్టాడు. ఓపిక ఎన్నడూ లేని చెయ్యి అది. కిటికీ మూల దగ్గర ఆగాల్సింది, గోడ చివరిదాకా చీల్చేసింది.

పాడైన ముక్క పట్టుకుని నోరు తెరిచాడు. ఏమనబోయాడో ఆమెకు తెలుసు. అతనికీ గుర్తొచ్చినట్టుంది, నోరు మూసుకున్నాడు.

ఆమె లేచి ఇంకో అట్ట మిషనులో పెట్టింది. గీతలు పడ్డాక తీసి అతని ఒళ్ళో పడేసింది. ఇన్నేళ్ళకు, మధ్యలో ఎవరూ లేకుండా, తమ్ముడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"కాయితమే గదా. ఇంకోటి కొయ్యి."